ఎడమ పక్క

ఆ డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్చుకునేవాళ్ళు ఎదుట ఉన్నప్పుడు ఆమెను మేడమ్ అంటారు, చాటున బ్రేకక్క అంటారు. ఆ పేరు ఆమెకు తెలియదని వాళ్ళ నమ్మకం. తెలుసు. తెలిసీ ఊరుకుంటుంది, అందులో అబద్ధమేముంది గనక. నేర్పే కారులో ఎడమ సీటు ముందు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చు ఉంటాయి. నేర్చుకునేవాడు కుడి పక్క కూర్చుని, స్టీరింగు ఎక్కడ ఊడి చేతికొస్తుందో అన్నట్టు పట్టుకుంటాడు. ఈవిడ ఎడమ పక్క కూర్చుని, బ్రేకు మీద కాలు ఆనించి, వీధిలో ఉన్న ప్రతి ప్రాణినీ అనుమానంగా చూస్తూ ఉంటుంది. ఏళ్ళ తరబడి ఇదే పని. పని ముగించుకుని ఇంటికి బయల్దేరినా ఆ కాలు మాట వినదు. బస్సు డ్రైవరు ఏ మలుపులోనైనా కాస్త జోరుగా తిప్పాడంటే, వెనకెక్కడో కూర్చున్న ఈవిడ కుడికాలు నేలను తొక్కేస్తుంది. ముందు సీటువాళ్ళు తిరిగి చూస్తారు.

కొత్తగా చేరినవాళ్ళకు ఆమె చెప్పే మొదటి పాఠం గేర్ల గురించి కాదు, రోడ్డు మీద ఎవర్నీ నమ్మొద్దని. ముందువాడు పక్క లైటు వేశాడా, నిజంగా తిరిగేదాకా నమ్మొద్దు. కారు ఆగి ఉందా, దాని తలుపు ఇప్పుడే తెరుచుకోబోతోందనుకో. ఒకడు అంచున నిలబడి ఫోను చూసుకుంటున్నాడా, చూసుకుంటూనే రోడ్డు మీదికి దిగుతాడు. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఇంతవరకూ ఎవర్నీ గుద్దలేదని స్కూలు యజమాని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాడు. అది కూడా ఆవిడ పూర్తిగా నమ్మలేదు. గుద్దినవాళ్ళు తిరిగొచ్చి చెబుతారా ఏమిటి అంది.

దీనికి తోడు ఇంకో అలవాటు. కొత్తవాళ్ళకు కారుకు ఎడమ పక్క అనేది ఒకటుందన్న సంగతే గుర్తుండదు. వాళ్ళ ప్రాణమంతా తాము కూర్చున్న కుడి పక్కే. అందుకని ఆవిడ నోరు ఆ పక్కంతా చదువుకుంటూ పోతుంది. ఎడమ పక్క సైకిలు. ఎడమ పక్క ముసలాయన, దిగేట్టున్నాడు. ఎడమ పక్క గుంట. ఈ పాట ఎంతలా అంటుకుపోయిందంటే ఎవరి కారెక్కినా ఇదే. మెకానిక్కు షెడ్డు నడుపుకునే సొంత తమ్ముడు ఆమెను ఎక్కించుకోవడమే మానేశాడు. "నువ్వు పక్కనుంటే నాకు బండి నడపడం వచ్చో రాదో నాకే అనుమానమొస్తుందక్కా" అన్నాడు.

ఒక్క మనిషి మాత్రం ఎన్నడూ విసుక్కోలేదు. ఆమె భర్త. ఆయన టాక్సీ నడుపుతాడు. ఆమె స్టీరింగు పట్టకముందే పట్టినవాడు, ఆమెకు మొట్టమొదట కారు నేర్పినవాడు. అలాంటి మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఎడమ పక్క సైకిలు అంటే, ఇంకో మగాడైతే కారాపి దిగి నడిచిపొమ్మనేవాడు. ఈయన ఊఁ అనేవాడు. ఊఁ అని కాస్త కుడికి జరిగేవాడు. ఈ మధ్య అయితే, ఆమె కాసేపు మాట మరిచిపోతే "చెప్పవేం? చెబుతూ ఉంటే బాగుంటుంది" అనడం కూడా మొదలుపెట్టాడు. బ్రేకక్క మురిసిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో దొరికిన ప్రేమంతా ఆ ఊఁలోనే ఉందనుకుంది. స్కూల్లో ఒకరిద్దరికి చెప్పుకుంది కూడా.

ఆ టాక్సీ ఆయన సొంతం. సగం జీవితం పరాయివాళ్ళ కార్లు తోలి, చివాట్లు తిని, చివరికి అప్పు చేసి కొన్నాడు. అప్పు తీరి ఏడాదైంది. అప్పు తీరితే ఖర్చు తీరుతుందా? బీమా, టాక్సు, టైర్లు, పెట్రోలు. ఈ బండి నన్ను మేపుతోందో, నేను దీన్ని మేపుతున్నానో తెలియడం లేదని నవ్వేవాడు. అయినా దాని మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు. ఇంటి పక్క సందులో దాన్ని నిలిపే తీరు చూడడానికి చుట్టుపక్కలవాళ్ళు ఆగేవాళ్ళు. ఎడమ పక్క గోడకూ కారుకూ మధ్య అరచెయ్యి దూరేంత చోటు వదిలి, ఒక్క ఊపులో వెనక్కి తెచ్చి ఆపేవాడు.

అనుమానం ఆ సందులోనే మొదలైంది. ఒకరోజు ఆమె పని నుంచి వచ్చేసరికి కారు గోడకు బారెడు ఎడంగా ఉంది. మర్నాడూ అంతే. ఇదేమిటని అడిగితే, అటువైపు తలుపు తీసుకోవడానికి వీలుగా ఉంటుందన్నాడు. అటువైపు తలుపు ఈయనకెందుకు? డ్రైవరు దిగేది కుడి పక్క. ఎడమ తలుపు ఎవరికోసం తీస్తున్నాడు?

ఒకసారి అలా మొదలయ్యాక, ఇక ఆవిడ కన్ను ఊరుకుంటుందా? ఎడమ పక్క అద్దం కొత్తది. పాతది ఎవరో పిల్లలు రాయి విసిరితే పగిలిందన్నాడు. మరి ఆ సంగతి ఇంట్లో ఎందుకు చెప్పలేదు? టీ చల్లారిందంటే చెప్పే మనిషి. కారు కడగడం ఎప్పుడూ స్టాండు దగ్గర చేయించేవాడు, ఇప్పుడు ఆమె నిద్ర లేవకముందే తానే బకెట్టూ గుడ్డా పట్టుకుని కడుగుతున్నాడు. చీకటి పడ్డాక బేరాలు మానేశాడు. అడిగితే ఒళ్ళు అలుస్తోందంటాడు. అన్నిటికన్నా వింత ముందు సీటు. టాక్సీలో ఎక్కేవాళ్ళు వెనక కూర్చుంటారు. ముందు సీటు ఖాళీగా, దుమ్ముపట్టి ఉండాలి. అది తుడిచి ఉంది. పొట్టిమనిషి కూర్చునేలా ముందుకు జరిపి ఉంది. సీటు సందులో గులాబీ రంగు దారప్పోగు ఒకటి, చొక్కా గుండీ ఒకటి.

ఆమె దారాన్నీ గుండీనీ రుమాల్లో చుట్టి బ్యాగులో పడేసుకుంది. మొగుణ్ణి ఏమీ అడగలేదు. అడిగితే మనుషులు బుకాయిస్తారని ఆవిడకు తెలుసు. సిగ్నలు దాటినవాణ్ణి ఎందుకు దాటావని అడిగితే పచ్చగానే ఉందిగా అంటాడు.

ముందుగా తమ్ముణ్ణి పట్టుకుంది. బావ కారుకు అద్దం నువ్వే వేశావా అని షెడ్డుకు వెళ్ళి సూటిగా అడిగింది. వాడు నీళ్ళు నమిలాడు. ఒకటా, రెండా అంది. వాడు ఏదో నట్టు కోసం వెతుకుతున్నట్టు కారు కిందికి దూరిపోయి, అక్కడి నుంచే చెప్పాడు, చాలాసార్లు వేశానని, ఎడమ తలుపు మీద గీతలకు రంగు కూడా వేశానని, నీకు చెప్పొద్దని బావ ఒట్టేయించుకున్నాడని. ఎందుకు చెప్పొద్దన్నాడో వాడికీ తెలియదు. "బావ బయట ఎవరితోనైనా గొడవలు పడుతున్నాడేమో చూసుకో అక్కా" అన్నాడు. వాడి అనుమానం వాడిది. ఇంట్లో అందరిదీ ఒకటే రక్తం.

గొడవ కాదు, ఆడది. బ్రేకక్క అలా తేల్చేసుకుంది. పొట్టిది, గులాబీ రంగు బట్టలు కడుతుంది, ముందు సీట్లో మహారాణిలా కూర్చుంటుంది. దానితో నవ్వుతూ పక్కకు చూస్తూ నడపడం వల్లే అద్దాలు పగులుతున్నాయి. తనను ప్రతి సెలవు రోజూ రా, రా, అలా తిరిగొద్దాం అని బతిమాలి కారెక్కించుకునేది కూడా ఆ తప్పు కప్పిపుచ్చుకోవడానికే. అన్నీ ఎక్కడివక్కడ అతికినట్టు సరిపోయాయి. కోపం కన్నా సిగ్గు ఎక్కువ వేసింది ఆమెకు. ఈ వయసులో వెనకాల నవ్వుకునేవాళ్ళకు కొత్త సంగతి దొరకబోతోంది.

మొగుణ్ణి వెంబడించాలంటే బండి కావాలి. ఆమెకున్న బండి అల్లా స్కూలు కారే. నెత్తిన పసుపు రంగు బోర్డు, నాలుగు వైపులా ఎర్రటి అక్షరాలు, ఈ చివర నుంచి ఆ చివరికి కనబడే కారు. పైగా అందులో ఆ పూట నేర్చుకునేవాడు ఒక పళ్ళ డాక్టరు. తన కుర్చీలో పడుకున్నవాళ్ళందరినీ వణికించే ఆ పెద్దమనిషి, ఇక్కడ కుర్చీ మారేసరికి తానే వణికేవాడు. స్టాండు నుంచి మొగుడి తెల్ల టాక్సీ బయల్దేరడం చూసి, ఆమె డాక్టరుతో ఈ రోజు పాఠం దూరం పాటించడం అని చెప్పింది. ముందు వెళ్ళే ఆ టాక్సీ ఎటు తిరిగితే అటు తిరగాలి, వదలకూడదు. డాక్టరు మహా శ్రద్ధగా వెంబడించాడు. ఇంత మంచి పాఠం ఎప్పుడూ చెప్పలేదండీ అని మెచ్చుకున్నాడు కూడా.

టాక్సీ ఒక పాత మేడ ముందు ఆగింది. ఒక పొట్టి ఆడమనిషి మెట్లు దిగి వచ్చింది. వెనక తలుపు వైపు చూడనైనా చూడలేదు, అలవాటైనట్టు ముందు తలుపు తీసుకుని కూర్చుంది. కట్టింది గులాబీ రంగు కాదు, బూడిద రంగు. అయినా పొట్టిదే, కూర్చుంది ముందు సీట్లోనే. ఆ మనిషి కూర్చున్న దగ్గర్నుంచి నోరు ఆడిస్తూనే ఉంది. చెయ్యి తిప్పుతూ, అటూ ఇటూ చూపిస్తూ, ఏదో చెబుతూనే ఉంది. ఆయన తల ఊపుతున్నాడు. ఆ తల ఊపడం ఆమెకు బాగా తెలుసు. అది తన సొత్తు అనుకుంది ఇన్నాళ్ళూ.

పెద్ద సిగ్నలు దగ్గర ఎర్ర లైటు పడింది. టాక్సీ కుడి వరసలో ఆగింది. డాక్టరు వెనకే ఆపబోతుంటే బ్రేకక్క ఎడమ వరసలోకి పొమ్మంది. దొరికితే దొరికాను, మొహం మీదే చూద్దాం అనుకుంది. కారు పక్కనే వచ్చి ఆగింది. కిటికీకి కిటికీ. ముందు సీట్లో ఉన్న ఆడమనిషి పసుపు బోర్డు వంక, వణుకుతున్న డాక్టరు వంక చూసి నవ్వింది. ఆ వెనక మొగుడి మొహం కనబడుతోంది. బ్రేకక్క డాక్టరు ఒళ్ళోకి వంగినంత పని చేసి నేరుగా ఆయన కళ్ళలోకి చూసింది. ఆయన కాస్త ఇటు తిరిగాడు, పక్కనున్న మనిషికి ఏదో జవాబు చెప్పాడు. ఆయన చూపు ఈ కారు మీద నుంచి, బోర్డు మీద నుంచి, ఆమె మీద నుంచి ఖాళీ చోటు మీద నుంచి పోయినట్టు పోయింది. పచ్చ లైటు పడింది. వెళ్ళిపోయాడు.

చూసి కూడా చూడనట్టు. ఇదీ ఆమె అనుకున్నది. పట్టుబడితే కాళ్ళ మీద పడతాడనుకుంది, లేదా తడబడతాడనుకుంది. ఇంత తెగింపు ఉందని ఎన్నడూ అనుకోలేదు. డాక్టరు పచ్చ లైటు పడిందండీ, వెళ్ళనా అని మూడోసారి అడిగేదాకా ఆమెకు వినబడలేదు. టాక్సీ రెండు వీధుల అవతల బట్టలు సరిచేసే చిన్న దుకాణం ముందు ఆగింది, ఆ మనిషి దిగింది. డబ్బు ఇవ్వలేదు. ఆయన అడగలేదు.

ఆ సాయంత్రం ఆమె అన్నం వడ్డిస్తూ, ఈ రోజు దారిలో ఎవరైనా తెలిసినవాళ్ళు కనబడ్డారా అని అడిగింది. ఎవరూ కనబడలేదన్నాడు. ఆ చెప్పడంలో తడబాటు లేదు, బెదురు లేదు. అబద్ధమాడేవాళ్ళను బోలెడంతమందిని చూసిన ఆవిడకు అదే ఎక్కువ మంట పుట్టించింది.

మర్నాడు మధ్యాహ్నం రుమాల్లో దారం, గుండీ పట్టుకుని ఆ దుకాణానికి వెళ్ళింది. మూడు మిషన్లు పట్టేంత గది. నిన్న టాక్సీ దిగిన ఆవిడే అక్కడి దర్జీ, ఒక్కతే ఉంది, పళ్ళ మధ్య గుండుసూదులు పెట్టుకుని ఎవరిదో పంట్లాము కురచ చేస్తోంది. బ్రేకక్క రుమాలు విప్పి బల్ల మీద పెట్టి, ఇవి నా మొగుడి కార్లో దొరికాయంది. దర్జీ ఆవిడ సూదులు తీసి పక్కన పెట్టింది. గుండీని వెలుతురులో తిప్పి చూసి, అయ్యో దీనికోసం వారం వెతికాను, దొరక్క చొక్కాకు గుండీలన్నీ మార్చాల్సి వచ్చిందని సంతోషించింది. ఇలాంటి మనిషిని ఎక్కడ మొదలుపెట్టి తిట్టాలో బ్రేకక్కకు తోచలేదు. రోజూ డబ్బివ్వకుండా ముందు సీట్లో ఎందుకు తిరుగుతున్నావని అడిగేసింది.

"ఆయనే రమ్మన్నాడమ్మా. ఒకసారి బేరానికి ఎక్కాను. నాకు నోరు ఊరుకోదుగా, అదిగో బండి, ఇదిగో మనిషి అని దారంతా వాగుతూనే ఉన్నా. దిగేటప్పుడు, రోజూ ఇదే టైముకు వెళ్తావా, డబ్బులొద్దు, ముందు కూర్చుని ఇలాగే మాట్లాడు, ముఖ్యంగా ఎడమ పక్క ఏమొచ్చినా చెబుతూ ఉండు అన్నాడు. ఆ అద్దం మసగ్గా ఉంటుందట."

బ్రేకక్క అద్దం కొత్తది కదా అంది.

"అదే నేనూ అనుకున్నా" అంది దర్జీ ఆవిడ. "కళ్ళేమైనా బాగా లేవేమోనని కూడా అనుకున్నా. ఊరికే తీసుకెళ్తుంటే ఎందుకులే అడగడం అని ఊరుకున్నా. నువ్వేమైనా అడిగావా?"

ఆమె అడగలేదు. ఇంటికి నడుచుకుంటూ వెళ్ళింది. దర్జీ మాట నమ్మొచ్చా? ఇద్దరూ కలిసి అల్లిన కథ కావచ్చు. కానీ నడుస్తున్న కొద్దీ సందులో బారెడు చోటు, తెల్లారకముందు బకెట్టు, చీకట్లో బేరాలు మానడం, అన్నీ ఒక్కొక్కటే పక్కకు జరిగి వేరే చోట కూర్చున్నాయి. ఒక ఆలోచన దగ్గర మాత్రం ఆమె రోడ్డు మీదే నిలబడిపోయింది. తాను పక్కనున్నప్పుడు ఆయన ఒక్కసారి కూడా ఎవర్నీ తాకలేదు. ఒక్క గీత పడలేదు. ఎలా పడుతుంది? దారంతా చూసింది తనే. ఆయన కళ్ళు పోతూ ఉంటే, ఈ నోరే కళ్ళయి ఆయన్ను రోడ్డు మీద తిప్పింది. ప్రపంచంలో ఏ పెళ్ళాం పక్కన కూర్చున్నా ఈ సంగతి ఎప్పుడో బయటపడేది. బ్రేకక్క మొగుడు కాబట్టి దాగింది.

అయినా ఆమె కళ్ళారా చూడందే నమ్మే మనిషి కాదు. సెలవు రోజు వచ్చింది. అలవాటు ప్రకారం ఆయన, అలా తిరిగొద్దాం రా అన్నాడు. ఆమె ఎక్కింది. ఈ రోజు నోరు విప్పకూడదని నిర్ణయించుకుంది. వీధి మలుపు దాటగానే ఆయన అడిగాడు, ఇవాళ మాట్లాడవేమని. తలనొప్పి అంది. ఆయన వేగం తగ్గించాడు. కారు మెల్లగా కుడికి, మధ్య గీత వైపు జరిగింది. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. ఆయన మెడ చొక్కా కాలరు దగ్గర తడిసింది. ఏదైనా చెప్పు అన్నాడు మళ్ళీ. ఆమె చెప్పలేదు. నాలుకను పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంది.

బజారు వీధిలో ఎడమ పక్క సందులోంచి ఒకతను పరుపుల బండి తోసుకుంటూ వచ్చాడు. బండి మీద పరుపులు మనిషెత్తు ఉన్నాయి. దాన్ని ఆమె చాలా ముందు చూసింది. చూస్తూనే ఉంది. ఇప్పుడు ఆపుతాడు, ఇదిగో ఇప్పుడు కాలు తీస్తాడు అనుకుంది. ఆయన తీయలేదు. ఆమె కాలు నేలను తొక్కింది. అక్కడ బ్రేకు లేదు. రెండోసారి తొక్కింది.

"ఎడమ పక్క!" అని అరిచింది.

కారు కీచుమని ఆగింది. బండి మూల తగిలి అద్దం విరిగింది. బండివాడు రోడ్డు మీద కూలబడ్డాడు. తర్వాత అతను లేచాడు. దెబ్బలేమీ లేవు, మోచెయ్యి గీరుకుంది, ఒక పరుపు మట్టిలో పడింది. డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చి, "కళ్ళు కనబడట్లేదా?" అని అడిగాడు. ఈ మాట రోడ్డు మీద ప్రతివాడూ ప్రతివాణ్ణీ రోజుకు పదిసార్లు అంటాడు. టాక్సీ ఆయన కూడా తన జన్మలో ఎంతమందినో అని ఉంటాడు. ఇప్పుడు మాత్రం స్టీరింగు మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

బ్రేకక్క దిగి పరుపు ఎత్తించింది, అతనికి క్షమాపణ చెప్పి పంపింది. తిరిగొచ్చి కూర్చుని, ఎప్పట్నుంచి అని అడిగింది. ఆయన అప్పుడు చెప్పాడు. ఏడాది పైమాటే. ఎడమ కన్ను అంచుల నుంచి పొగలాగా మూసుకుపోయింది, ఇప్పుడు కుడి కంటిక్కూడా ఆ పక్క తగ్గుతోంది. ఎదురుగా ఉన్నది శుభ్రంగా కనబడుతుంది, అందుకే మొదట్లో తనకే తెలియలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు, వెళ్తే కాగితం మీదికెక్కుతుంది. ఈ వారమే లైసెన్సు రెన్యువల్. లైసెన్సు ఆఫీసులో పరీక్షకు గోడ మీద పెట్టే అక్షరాలైతే చదివేయగలడు. అక్కడి కంటి డాక్టరు, నేర్చుకునేవాళ్ళను వెంటబెట్టుకుని వారం వారం వచ్చే బ్రేకక్కను ఎరిగినవాడు, ఆమె మనిషంటే ముద్ర వేసేస్తాడు.

"నువ్వు ఆ స్కూలు మానేసి నా పక్కన కూర్చో. ఇద్దరం కలిసి తిరుగుదాం. నీ నోరుంటే నాకేం కాదు" అన్నాడు. ఆ అడగడంలో ఎక్కడా మోసం లేదు. అడుక్కుంటున్నట్టుంది. ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది. ఇన్నాళ్ళూ ప్రేమ అనుకున్నది అవసరమా అని ఒక బాధ, అవసరం కూడా ప్రేమే కదా అని ఇంకో బాధ. ఆ పూట ఇంటిదాకా కారు ఆమే నడిపింది.

రెన్యువల్ రోజు వరకూ వాళ్ళ మధ్య ఆ మాట రాలేదు. ఆయన ఆ మౌనాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు. ఆమెకు మాత్రం వంటింట్లో ఉన్నా, స్కూలు కార్లో ఉన్నా పరుపుల బండివాడే కనబడ్డాడు. ఒకరోజు తనకు జ్వరమొస్తుంది. ఒకరోజు దర్జీ ఆవిడ కునుకు తీస్తుంది. ఆ రోజు కారుకు తగిలేది పరుపులు కాదు, మనిషి. అనుకున్నప్పుడల్లా, ఆ కారు కోసం ఆయన మానేసిన సిగరెట్లు, కొనుక్కోకుండా ఊరుకున్న కొత్త చొక్కాలు కూడా గుర్తొచ్చేవి.

లైసెన్సు ఆఫీసులో కంటి డాక్టరు గది ఇరుకుగా ఉంది. ఒక కుర్చీ, గోడ మీద అక్షరాల అట్ట, బల్ల మీద ముద్రలు. ఆయన అక్షరాలన్నీ కింది వరసదాకా గడగడా చదివాడు. డాక్టరు తల కూడా ఎత్తకుండా ముద్ర చేతిలోకి తీసుకున్నాడు. "మేడమ్ ఇంటాయనకు వేరే చూసేదేముంది?" అన్నాడు.

"చూడండి" అంది బ్రేకక్క. "పక్క నుంచి చూడండి. ఎడమ పక్క నుంచి."

మొగుడు తల తిప్పి ఆమె వైపు చూశాడు. ఆ చూపును ఆమె భరించింది. డాక్టరు ముద్ర కింద పెట్టి, కుర్చీ లాక్కుని ఆయనకు ఎదురుగా కూర్చున్నాడు. నా ముక్కు వైపే చూడండి, వేలు కనబడగానే చెప్పండి అన్నాడు. చెయ్యి ఆయన ఎడమ పక్కకు బారుగా చాచి, వేలు ఆడిస్తూ మెల్లగా లోపలికి తెచ్చాడు. వేలు భుజం దాటింది. చెవి దాటింది. చెంప దగ్గరికొచ్చింది. ఆయన కళ్ళు ఆర్పకుండా ముక్కు వైపే చూస్తున్నాడు, పాపం నిజాయితీగా. బ్రేకక్క పక్కన నిలబడి అంతా చూసింది. అదిగో అని నోటిదాకా వచ్చింది. నోరు మూసుకుంది. వేలు దాదాపు డాక్టరు ముక్కు దగ్గరికి వచ్చాక ఆయన అన్నాడు.

"ఇప్పుడే."

డాక్టరు మందుల గురించి, మిగిలిన చూపు కాపాడుకోవడం గురించి, ఇంత ఆలస్యం ఎందుకు చేశారని చాలా చెప్పాడు. చెబుతూనే కాగితం మీద వేరే ముద్ర కొట్టాడు. ఆయన అన్నిటికీ తల ఊపాడు.

బయటికొచ్చి ఆఫీసు మెట్ల మీద ఇద్దరూ నిలబడ్డారు. ఎదురుగా తెల్ల టాక్సీ, కొత్త అద్దంతో. ఆయన దాని వైపే చూస్తూ, నన్ను ఎప్పట్నుంచి కనిపెడుతున్నావని అడిగాడు. చాలా రోజుల్నుంచి అంది. నా కళ్ళ సంగతి అప్పుడే తెలుసా అన్నాడు. తెలియదంది. మరి దేన్ని కనిపెట్టావన్నాడు. ఆమె తల వంచుకుని చెప్పేసింది, దారప్పోగు, గుండీ, సిగ్నలు, దర్జీ ఆవిడ. నీకు ఇంకో మనిషి ఉందనుకున్నానంది.

ఆయన నవ్వాడు. ముందు చిన్నగా, తర్వాత మెట్టు మీద కూర్చునేంతగా నవ్వాడు. లోపలికి వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు. నవ్వు ఎక్కడ ఆగిపోయిందో తెలియదు, అరచేత్తో మొహం తుడుచుకున్నాడు.

"ఆ అనుమానమే ఉంచుకోవాల్సింది" అన్నాడు. "తిట్టేదానివి, నలుగురిలో పెట్టేదానివి, అలిగి నీ తమ్ముడింటికి పోయేదానివి. అన్నీ పడేవాణ్ణి. బండి మిగిలేది."

ఆమె ఆయనకు ఎడమ పక్కన నిలబడి, తాళం కోసం చెయ్యి చాచింది. ఆయన చూడలేదు. కాసేపు ఆగి, మెట్టు దిగి, చుట్టూ తిరిగి కుడి పక్కకు వచ్చి మళ్ళీ చాచింది.